నేను చేసుకున్న ఎడమచేతి గిటారు

ముచ్చటపడి గిటారు తయారుచేసుకునేవాళ్ళు ఉంటారు. ఫోనులో వాళ్ళ వీడియోలు బోలెడు చూశాను. శుభ్రంగా ఊడ్చిన షెడ్డు, గోడకి తగిలించిన ఉలులు, పక్కన ఆవిర్లు కక్కే కాఫీ. నాది ముచ్చట కాదు, కక్ష. ఒక్కో ముక్క ఎంచుకునేటప్పుడూ మా అన్నయ్య మొహం చూస్తూ ఎంచుకున్నాను. ఏ ముక్క దగ్గర వాడికి ఎక్కువ నొప్పి పుడుతుందో చూసి మరీ అదే కావాలన్నాను. పెద్దవాణ్ణి పట్టుకుని వాడూ వీడూ అంటున్నాడేమిటని మీకు అనిపిస్తే అనిపించనివ్వండి. నా ఎడమచేతి చిటికెన వేలు మొదలంటా పోయింది, ఉంగరం వేలు సగానికి పోయింది. నరికింది మా అన్నయ్యే.

మాది పామర్రు దాటాక లోపలికి వెళ్ళే ఊరు. తాతల కాలంలో వలలు వేసుకుని బతికిన ఇల్లు, ఇప్పుడు చేపల చెరువులు, లారీలు, ఐసు. అదంతా అన్నయ్య చూసుకునేవాడు. నేను బెజవాడలో గది తీసుకుని ఒక ఆర్కెస్ట్రాలో లీడ్ గిటారు వాయించేవాణ్ణి. పెళ్ళిళ్ళు, రిసెప్షన్లు, ఓణీల ఫంక్షన్లు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి ఆ నెల ఇంటికొచ్చి వదిన చేతి చేపల పులుసు తిని పడుకునేవాణ్ణి.

ఒక ఆషాఢంలో మా చెరువుకీ పక్క చెరువుకీ మధ్య గట్టు మీద గొడవైంది. పక్క చెరువాయన తన మురుగు నీళ్ళు బోదె కాలవలోకి వదిలాడు. ఆ నీళ్ళు తూములోంచి మా చెరువులోకి వచ్చేశాయి. తెల్లారేసరికి మా చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుచుకుని గాలి పీలుస్తున్నాయి. అన్నయ్య మోటారు షెడ్డులోకి వెళ్ళి చూరులో దోపి ఉన్న బోండాల కత్తి లాక్కొచ్చాడు. గట్టు మీద కొబ్బరిచెట్లున్న ప్రతివాడి షెడ్డులోనూ అలాంటిది ఒకటుంటుంది. పక్క చెరువాయన ఇంకా ఏదో వాదిస్తూనే ఉన్నాడు, అన్నయ్య కత్తి ఆయన మెడ మీదికి ఎత్తాడు. బెదిరించడానికి ఎత్తిన ఎత్తు కాదది. నేను పక్కనే ఉన్నాను, నాకు తెలుసు. మధ్యలోకి దూకి చెయ్యి అడ్డం పెట్టాను.

వెంటనే నొప్పి తెలియలేదు. అన్నయ్య కత్తి పడేసి, మోకాళ్ళ మీద కూలబడి, బురదలోంచి నా వేళ్ళు ఏరాడు. ఏరి, కడిగి, చేపల పట్టుబడికని తెచ్చిన థర్మోకోల్ పెట్టెలో దంచిన ఐసు పరిచి, దాని మీద వేళ్ళు పెట్టి, పైన మళ్ళీ ఐసు కప్పి మూత బిగించాడు. బెజవాడ ఆసుపత్రిలో డాక్టరు ఆ మూత తీసి అలాగే నిలబడిపోయాడు. కవరులో చుట్టి, ఐసు నేరుగా తగలకుండా తేవాలట. చేపలకి కప్పినట్టు కప్పేసరికి మాంసం గడ్డకట్టి చచ్చిపోయింది, ఇక అతకదన్నాడు. అన్నయ్య ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాడు.

తర్వాత పెద్దమనుషుల్లో పెట్టారు. మా వైపు ఏ గొడవైనా పోలీసుస్టేషను దాకా పోకముందు అక్కడికే పోతుంది. అక్కడ తేల్చింది ఏమిటంటే, ఎవరూ ఎవరి మీదా కత్తి ఎత్తలేదు. ఐసు దంచే మిషనులో నా చెయ్యి పడింది. పక్క చెరువాయన తూము మూసుకోవాలి, అన్నయ్య మీద హత్యాయత్నం కేసు పెట్టకూడదు. మేము నీళ్ళ సంగతి ఎత్తకూడదు. అందరూ తలలూపారు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నేను కూడా తల ఊపాను. ఊపకపోతే అన్నయ్య జైలుకి పోతాడని అమ్మ నా మోచెయ్యి వదలకుండా పట్టుకుని కూర్చుంది.

సరే, లోకానికి మిషను. ఇంట్లో కూడానా? ఎవరైనా పలకరించడానికి వచ్చి చేతికేమైందని అడిగితే, నేను నోరు తెరవకముందే అన్నయ్య అందుకునేవాడు, ‘ఐసు మిషనండీ, చూసుకోలేదు పాపం’ అని. ఆ ‘పాపం’ దగ్గర నాకు ఒళ్ళు మండిపోయేది. రానురాను మేమిద్దరమే ఉన్నప్పుడు కూడా మిషను మిషను అనడం మొదలుపెట్టాడు. నాకు కేసు అక్కర్లేదు, ఊళ్ళో వాడి పరువు తీయక్కర్లేదు. నాకు కావలసిందల్లా ఒక్క మాట. ‘నరికింది నేనేరా’ అని వాడు తన నోటితో అనాలి. ఇంట్లో, నా ఎదురుగా, ఒక్కసారి. ఆ మాట రాబట్టకపోతే నేను మనిషిని కాదనుకున్నాను.

ఆర్కెస్ట్రా ఓనరు ఆసుపత్రికి వచ్చి చూసి వెళ్ళాడు. మంచివాడే గానీ వ్యాపారస్తుడు. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోపు వాయించగలిగితే నా చోటు నాదే, ఆ పైన తను ఆగలేనన్నాడు. ఏ చేత్తో వాయిస్తానని అడగలేదు, మర్యాదస్తుడు.

గిటారుకి ఎడమచెయ్యే ప్రాణం. తీగలు నొక్కి స్వరాలు పలికించేది ఆ చేతి వేళ్ళే. కుడిచెయ్యి మీటుతుందంతే. నొక్కే వేళ్ళు పోయాయి కాబట్టి చేతులు మార్చేసుకోవాలి, కుడిచేత్తో నొక్కి ఎడమచేత్తో మీటాలి. మీటే బిళ్ళ పట్టుకోవడానికి బొటనవేలూ చూపుడువేలూ ఉన్నాయిగా. దానికి గిటారే అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండాలి. బెజవాడ షాపుల్లో ఎడమచేతివాటం గిటారు ఒక్కటీ లేదు, ఆర్డరు పెట్టాలన్నారు. అన్నయ్య అప్పటికప్పుడు జేబులోంచి ఫోను తీసి, ఎంతైనా సరే మంచిది తెప్పించెయ్యమన్నాడు. ఆ మొహంలో ఎంత హాయి! కొనిపెట్టేసి చేతులు దులుపుకుందామనుకున్నాడు. వద్దన్నాను. నా గిటారు నేనే చేసుకుంటాను, ప్రతి ముక్కా నేనే ఎంచుకుంటాను, ప్రతిచోటికీ నువ్వే తీసుకెళ్ళాలి అన్నాను. తీసుకెళ్ళాడు చచ్చినట్టు.

మొదట కర్ర. ఇబ్రహీంపట్నం రోడ్డులో ఒక కలప డిపోకి వెళ్ళాం. ముందు థర్మల్ ప్లాంటు బూడిద లారీలు, వెనక మేము, కళ్ళనిండా దుమ్ము. అన్నయ్య టేకు తీసుకోమన్నాడు, గుమ్మాలకి వేసేది, గౌరవంగా ఉంటుందట. టేకు బరువు, గంటలకొద్దీ భుజానికి వేలాడదీసుకుంటే మెడ పడిపోతుంది. డిపో ఆయన కొండపల్లి బొమ్మలు చెక్కే పొణికి చూపించాడు. చేత్తో ఎత్తితే దూదిలా ఉంది, కానీ స్క్రూ బిగిస్తే నిలవదు. చివరికి గుమ్మడి టేకు పలక ఒకటి తీయించాను. పేరుకే టేకు, బాగా తేలిక, వంకర తిరగదు, గోటితో కొడితే మంచి మోత వస్తుంది. డిపో ఆయన నా చెయ్యి చూసి అడగనే అడిగాడు. అన్నయ్య మిషనండీ అన్నాడు.

నేను ఆ పలక వాడి ముందుకి తోశాను. ఇదిగో, ఈ అంచు బాగా లోతుగా చెక్కించాలి, మోచెయ్యి ఇక్కడ గట్టిగా ఆనాలి, ఎందుకంటే మీటేటప్పుడు చిటికెన వేలు ఆన్చుకునేవాళ్ళు ఆన్చుకుంటారు, నాకది లేదు కదా, అని గొంతు పెంచి చెప్పాను. డిపోలో కూలీలు కూడా ఇటు తిరిగారు. అన్నయ్య మొహం కందగడ్డ అయింది. నా మీదికి రాలేడు కాబట్టి డిపో ఆయన మీదికి వెళ్ళాడు. పలకలో ముడి ఉందని, మోసం చేస్తున్నావని పక్కనున్న దుంగల దొంతిని కాలితో తన్నాడు. దొంతి కూలి ఒక దుంగ డిపో ఆయన పాదం మీద పడింది. కూలీలు అన్నయ్యని గోడకేసి అదిమారు, చొక్కా చిరిగింది. నేను పలక చంకలో పెట్టుకుని బండి దగ్గర నిలబడి చూశాను. ఆపలేదు. మా అన్నయ్య కోపానికి ఎప్పుడూ పక్కవాడే దొరుకుతాడు, ఈసారి పక్కవాణ్ణి నేను కాదు.

పికప్‌లు, బ్రిడ్జి ఫోనులో ఎంచుకున్నాం. పికప్ అంటే తీగల కదలికని కరెంటుగా మార్చి స్పీకరుకి పంపే అయస్కాంతం. దాని చుట్టూ సన్నటి రాగితీగ చుట్టి ఉంటుంది. ఒక చుట్టది అయితే గొంతు తీయగా ఉంటుంది గానీ పెళ్ళి పందిట్లో జనరేటరు, సీరియల్ లైట్లు అన్నీ కలిసి గుయ్యిమని మోగుతాయి. జంట చుట్లది, హంబకర్ అంటారు, ఆ గోల మింగేస్తుంది. అది పెట్టుకున్నాను. బ్రిడ్జి అంటే తీగలు కింద బిగిసే ఇనప పట్టీ. స్ప్రింగుల మీద ఊగేవి ఉంటాయి, నాకు అవంటే పిచ్చి. ఇప్పుడు పనికిరావు. భోజనం దగ్గర కూర్చుని అన్నయ్యకి విడమరిచి చెప్పాను. చేతి అంచు బ్రిడ్జి మీద పెట్టి మీటాలి, నా చేతి అంచున కుట్లున్నాయి, స్పర్శ లేదు, ఎంత బరువు పడుతోందో తెలియదు, ఊగే బ్రిడ్జి అయితే శ్రుతి చెడుతుంది, అందుకని కదలనిది తీసుకుంటున్నాను అని.

అన్నయ్య కంచం ఎత్తి గోడకి కొట్టాడు. పులుసు గోడ నిండా కారింది. అన్నం మీదా మీ ప్రతాపం అని వదిన విసుక్కుంది. నేను నా కంచంలోది తింటూనే, అంత కోపమెందుకు, మిషను మీద కోపమా అని అడిగాను. లేచి చెరువు మీదికి పోయాడు. అను, ఆ మాట అను, అంటే నేనూ మానేస్తాను అని మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో. అనలేదు.

బ్రిడ్జికి అడుగున పట్టీ ఒకటి కొలత ప్రకారం కోయించాలని ఆటోనగర్ వెళ్ళాం. లేతు షాపులో పనివాడు కొలత చూసి, నా చెయ్యి చూసి, ఈ చేత్తో గిటారెందుకు బాబూ, డప్పు కొట్టుకోరాదా అన్నాడు. నవ్వులాటకే అన్నాడు. అన్నయ్య వాడి మెడ పట్టుకుని తిరుగుతున్న గ్రైండరు దగ్గరికి వంచాడు. వాడి చెంపకి రాయి తగిలేదే, నేను వెనక నుంచి అన్నయ్య జుట్టు పట్టి లాగాను. ఆ పాటికి చుట్టుపక్కల షాపులవాళ్ళు పానాలు పట్టుకుని వచ్చేశారు. ఆటోనగర్లో ఒకణ్ణి ముట్టుకుంటే వీధి వీధంతా వస్తుంది.

ఇద్దర్నీ కింద పడేశారు. నాకు ఒక్కటే యావ, కుడిచెయ్యి. దాన్ని చంకలో దాచుకుని, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకున్నాను. తల మీద తన్నండి, వీపు మీద తన్నండి, ఈ చెయ్యి మాత్రం వద్దు అనుకున్నాను. అంతలో పైన ఏదో బరువు పడింది. అన్నయ్య నా మీద బోర్లా పడుకున్నాడు. పానా దెబ్బలు వాడి వీపు మీద పడుతుంటే ఆ అదురు నా పక్కటెముకల్లోకి వస్తోంది. వాడి నోట్లోంచి రక్తం నా చెవి పక్కన కారింది. నా మీద ఇంత ప్రేమున్న గాడిదకి ఆ ఒక్క మాట అనడానికి ఏం రోగమని అప్పుడు కూడా నాకు మండింది.

పట్టీ మాత్రం కోసిచ్చారు. అది వేరే సంగతి. బందరు రోడ్డులో బండి ఆపి చెరుకురసం తాగుతుంటే అన్నయ్య, ఆ లేతు షాపువాడికి నోటి దూల అన్నాడు. నేను గ్లాసు బల్ల మీద కొట్టాను.

‘వాడన్నదాంట్లో తప్పేముంది? వేళ్ళు లేవన్నాడు. ఎక్కడ పోయాయో నువ్వు చెప్పు.’

అన్నయ్య బండి తాళం తిప్పాడు. 

అన్నిటికన్నా ముఖ్యం నెక్. తీగలు నొక్కే పొడుగాటి కర్ర అది. కుడిచెయ్యికి నొక్కడం రాదు, పసిపిల్ల చెయ్యిలాంటిది, దానికి లావుపాటి నెక్ ఇస్తే చుట్టుకోలేదు. సన్నటిది, ఎడమచేతివాటంది, తెల్లటి మేపుల్ కర్రతో చేసింది విదేశం నుంచి మద్రాసు మీదుగా తెప్పించాను. వార్నిష్ లేనిది కావాలన్నాను, నేనే వేసుకుందామని. అది వచ్చిన రోజు దాన్ని పట్టుకుని ఇల్లంతా తిరిగాను. చెయ్యి చుట్టూ ఎంత చక్కగా ఒదిగిందో! ఆ వారమంతా నాకు కోపం రాలేదు. అప్పుడే చేతికి ఫిజియోథెరపీ కోసం కొన్ని వారాలు బెజవాడలో ఉండాల్సి వచ్చింది. నెక్‌నీ, గుమ్మడి టేకు పలకనీ బీరువా పైన పెట్టి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి బీరువా పైన రెండూ లేవు. వదిన తనకి తెలియదంది. అన్నయ్య చెరువు దగ్గర నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ, ఎంతో పెద్ద పని చేసినవాడిలా చెప్పాడు.

‘నేనే చెరువులో వేశానురా. పచ్చి కర్రలా తెల్లగా ఉంది, పురుగు పడుతుందని.’

మా వైపు వెదురు బొంగైనా, తాటి దూలమైనా చెరువు అడుగున బురదలో ఊరవేయకుండా ఇంటికి వాడరు. నెలల తరబడి నీళ్ళలో ఊరిన కర్రకి పురుగు పట్టదు, తరాలు నిలుస్తుంది. మా ఇంటి వాసాలన్నీ అలా ఊరినవే. అన్నయ్య ఆ రెండిటినీ గోనెసంచిలో కట్టి, రాయి కట్టి, తూము దగ్గర ముంచాడు. నేను వెళ్ళిన రోజే ముంచాడు.

నీళ్ళలోకి దిగి సంచి లాగాను. పలకకి పెద్ద నష్టం లేదు, నల్లగా బురద పట్టి బరువెక్కింది, అంతే. నెక్ పోయింది. మీద అతికించిన పల్చటి చెక్క వెనక కర్ర నుంచి విడిపోయి నోరు తెరుచుకుంది. తీగలు ఆనే ఇనప గీతలు ఊడి పైకి లేచాయి. లోపలి కడ్డీ తుప్పు పట్టి ఎర్రటి నీళ్ళు కక్కింది. మొత్తం మెలి తిరిగిపోయింది. అన్నయ్య గట్టు మీద నిలబడి, ఎండలో పెడితే సర్దుకుంటుందేమోరా అంటున్నాడు.

ఆ నెక్‌తోనే కొట్టాను. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది చెవి మీద పడి, ఊడిన ఇనప గీత తగులుకుని చెవి తమ్మె చీలింది. రక్తం మెడ మీదుగా బనీనులోకి కారింది. వాడు నాకన్నా ఎత్తు, నాకన్నా బలం, ఊళ్ళో వాడి చెయ్యి పడని మనిషి తక్కువ. చెయ్యి ఎత్తలేదు. రెండు చేతులూ కిందికి వేలాడేసి నిలబడ్డాడు. కొడుతూనే ఉన్నాను. అను, అను అని అరుస్తూ కొట్టాను. ఏమనాలో వాడికి తెలుసు. ‘కొట్టు’ అన్నాడు తప్ప ఆ మాట అనలేదు. నెక్ రెండుగా విరిగింది. విరిగిన ముక్కతో కూడా కొట్టాను. వదిన పరిగెత్తుకొచ్చి నా నడుం పట్టుకుని గట్టు మీద పడేసింది.

వదిన తన కొంగు వాడి చెవికి అదిమి పట్టి కూర్చుంది. నన్ను తిట్టలేదు. వాడి తరఫున మాట్లాడినట్టు కూడా లేదు. విసిగిపోయిన గొంతుతో అంది.

‘తప్పు కాదని నేననను. ఆయనకి తెలిసిందదేనయ్యా. చేపైతే ఐసులో పెడతాడు, కర్రైతే నీళ్ళలో వేస్తాడు.’

 ఆ మాట నిజమే అయ్యేసరికి నాకు ఇంకా మండింది. ఆ సాయంత్రానికి నా కుడిచెయ్యి బొప్పి కట్టి వాచింది. ఏ చేతినైతే ఆటోనగర్లో చంకలో దాచుకున్నానో దాన్ని వాడి ఒంటి మీద నేనే పాడుచేసుకున్నాను. వేడినీళ్ళ కాపడం పెట్టించుకుంటూ ఏడ్చాను. బాధతో కాదు, ఉక్రోషంతో.

పుష్యం వచ్చేసింది. ఇంకో నెక్ తెప్పించే వ్యవధి లేదు. బెజవాడ గదిలో నా పాత గిటారు సంచిలో మంచం కింద ఉంది. వేళ్ళు పోయినప్పటి నుంచి దాని జిప్పు తీయలేదు. ఆ రోజు తీశాను. వెనక స్క్రూలు విప్పి దాని నెక్ ఊడదీశాను. కుడిచేతివాటం నెక్ అయినా తిరగేసి బిగిస్తే పనిచేస్తుంది, చివర కీలుండే తల కిందులుగా కనిపిస్తుందంతే. పైన తీగలు కూర్చునే ఎముక పట్టీ మాత్రం కొత్తది, గాడులు తిరగేసి కోసుకున్నాను. నా పాత వేళ్ళు ఎక్కువ నొక్కిన చోట ఇనప గీతలు అరిగి ఉన్నాయి. ఇప్పుడు ఆ అరుగుల మీద కుడిచేతి వేళ్ళు పడుతున్నాయి.

పలక నీడన ఆరాక కంకిపాడులో ఫర్నిచర్ చేసే షాపులో కోయించి, గుంటలు తవ్వించాను. పికప్‌లు, బ్రిడ్జి, ట్యూనింగ్ కీలు ఇంటి దగ్గరే బిగించి వైర్లు అతికించాను. ఆ పని జరిగినంతసేపూ అన్నయ్య చెవికి ప్లాస్టరు వేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. స్పీకరుకి కలిపి మీటితే మోత వచ్చింది. అన్నయ్య లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కుడిచేతి వేళ్ళకి బొబ్బలెక్కి, చిట్లి, మళ్ళీ ఎక్కి, తీగల మీద రక్తం ఎండిపోయేదాకా సాధన చేశాను. ఓనరు విని, లీడు వద్దులే, ప్రస్తుతానికి వెనక తాళానికి తగ్గట్టు, తీగలన్నీ కలిపి మీటే కార్డ్స్ వాయించు అన్నాడు. నా చోటు నాకొచ్చింది, కాస్త వెనక్కి జరిగి.

మాఘమాసంలో మొదటి పెళ్ళి కంకిపాడులో ఒక ఫంక్షన్ హాల్లో. పగటి ముహూర్తం. అన్నయ్య మా చేపల వ్యానులోనే నా స్పీకరు తెచ్చాడు, స్టేజీ మీదికి తనే మోశాడు, వైర్లు సర్దుతూ నా పక్కనే ఉండిపోయాడు. పెళ్ళికూతురి వైపువాళ్ళు పామర్రు వాళ్ళట. ముందు వరసలో మా పెద్దమనుషుల్లో ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఆయన పక్క కుర్చీలో పక్క చెరువాయన, తెల్ల చొక్కా, చేతిలో కూల్ డ్రింకు. ఇక్కడ ఏ పెళ్ళికి వెళ్ళినా అందరూ ఉంటారు, తప్పదు.

మా ఆర్కెస్ట్రా యాంకరుకి జనాన్ని ఏడిపించడం సరదా. మైకు తీసుకుని మొదలుపెట్టాడు. ఐసు మిషనులో వేళ్ళు పోగొట్టుకున్నా మన గిటారిస్టు కుంగిపోలేదండీ, తన గిటారు తానే తయారుచేసుకున్నాడండీ, వెనక కొండంత అండగా నిలబడిన అన్నయ్య ఇదిగో ఇక్కడే ఉన్నారండీ, గట్టిగా చప్పట్లు అన్నాడు. హాలంతా చప్పట్లు. యాంకరు అన్నయ్యని మధ్యకి లాగి, రెండు ముక్కలు మాట్లాడండన్నా అని మైకు చేతిలో పెట్టాడు.

అన్నయ్య మైకు పట్టుకున్న తీరు చూస్తే దాన్ని విసిరికొడతాడేమో అనుకున్నాను. చప్పట్లు ఆగేదాకా నిలబడ్డాడు.

‘ఐసు మిషను కాదండీ. నేనే నరికాను. బోండాల కత్తితో.’

 వంటశాలలో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. ముందు వరసలో పెద్దమనిషి సగం లేచి నిలబడ్డాడు. ఎన్ని నెలలుగా ఈ మాట కోసం వాణ్ణి పొడిచి పొడిచి చంపానో, వింటే నా కడుపు చల్లబడుతుందని ఎంత అనుకున్నానో. తీరా వినేసరికి, కాదు, అబద్ధం, మిషనే అని అరవబోయాను. అంతలో అన్నయ్య కళ్ళు పక్క చెరువాయన మీదికి వెళ్ళాయి.

‘అసలు నేను కత్తి ఎత్తింది మా తమ్ముడి మీదికి కాదండీ—’

ఇంతవరకూ అన్నది అన్నదమ్ముల గొడవ. దాని తర్వాతి మాట హత్యాయత్నం, జైలు. పక్క చెరువాయన పేరు వాడి నోటి చివర ఉంది. వాడు ఆగడు, నాకు తెలుసు, మొదలుపెడితే వాడికి ఆగడం రాదు. గిటారు వాల్యూమ్ చివరంటా తిప్పి, ఉన్న బలమంతా పెట్టి తీగలన్నిటి మీదా కొట్టాను. ముందు వరసలో పిల్లలు చెవులు మూసుకున్నారు. మళ్ళీ కొట్టాను. డ్రమ్స్ అతను బిత్తరపోయి చూసి, తాళం అందుకున్నాడు. కీబోర్డు కలిసింది. అన్నయ్య మైకు పట్టుకుని ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, మెడ నరాలు ఉబ్బి కనిపిస్తున్నాయి. నేను కొడుతూనే ఉన్నాను. వాడేమన్నాడో హాల్లో ఎవరికీ వినపడలేదు. నాకూ వినపడలేదు.